శెనక్కాయల దగ్గర చదివిన సీరియల్

సినిమా చూసి వచ్చిన ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతుంటే మా అత్త నా వైపు చూసి, "సినిమా అట్లుండాది మరి. నాకూ ముద్ద దిగలా" అంది. ఆమెది దుఃఖం. నాది కోపం. ఆ తేడా చెప్పే ధైర్యం లేక తల ఊపి మజ్జిగ పోసుకున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కావస్తోంది. ఎనభైల మొదట్లో సంగతి. పాకాలలో, రైలు కట్టకు ఆనుకుని ఉన్న వీధిలో మా అత్తవారిల్లు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు గడప దాటడానికి రెండే కారణాలు ఉండేవి. ఒకటి ఎవరైనా చావడం, రెండోది సినిమా మారడం. సినిమాకైతే వీధిలోని ఆడవాళ్ళందరినీ మా అత్తే వెంటబెట్టుకుని తీసుకుపోయేది, మ్యాట్నీకి. ఆమె ముందు, మేం వెనక. టాకీసులో ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చుని, తెచ్చుకున్న వేయించిన శెనక్కాయలు ఒడిలో పోసుకుని, ఏడ్చేచోట ఏడ్చి, నవ్వేచోట నవ్వి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవాళ్ళం.

కానీ ఆ సినిమాకు నేను ఊరికే పోలేదు. గోడ మీద పోస్టరు అంటించినప్పటి నుంచి కాచుకుని ఉన్నాను. ఆ కథ నాకు సగం తెలుసు. మా పుట్టింటి ఊరు ఏర్పేడులో నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా నాయన ఇంట్లోకి వారపత్రిక రానిచ్చేవాడు కాదు. "కతలు సదివి బాగుపడినోళ్ళు యాడున్నారు?" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు. నా స్నేహితురాలి ఇంట్లో తెప్పించేవాళ్ళు. వారం వారం బడికి నడిచిపోయే దారిలో ఆ పిల్ల కథ చెబితే నేను చెవులప్పగించి వినేదాన్ని. చదువుకున్న పిల్ల ఒకతె పెళ్ళయి చిన్న ఊరికి కాపురానికి వస్తుంది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ కొట్టరు, తిట్టరు. గడప దాటనివ్వరు, అంతే. ఆమెకు టీచరు ఉద్యోగం వస్తుంది. పోనిస్తారా, పోనివ్వరా? సరిగ్గా అక్కడికి వచ్చేసరికి స్నేహితురాలి నాయనకు బదిలీ అయింది. ఆ పిల్లతో పాటే కథా వెళ్ళిపోయింది.

మిగతా సగం కోసం ఇన్నేళ్ళు ఎదురుచూస్తే సినిమావాళ్ళు ఏం చేశారు? ఇంటర్వెల్ దాకా బాగానే ఉంది. ఆ తర్వాత హీరోయిన్ ఉద్యోగానికి పోయింది, పోయినందుకు ఇంట్లో బిడ్డకు జబ్బు చేసింది, మొగుడు మందుకు మరిగాడు. మధ్యలో బొజ్జాయన ఒకడు గరిటె పట్టుకుని చిందులేశాడు. చివరికి ఆ పిల్ల జోరున కురిసే వానలో పరుగెత్తుకుంటూ వచ్చి, రాక్షసి లాంటి అత్త కాళ్ళ మీద పడింది. అత్త మారిపోయింది. అందరూ వరసగా నిలబడి నవ్వారు. శుభం. నా పక్కన మా అత్త కొంగు తడిసిపోయేలా ఏడుస్తోంది. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

ఒక సినిమా గురించి అంత మంట ఎందుకంటే, నా కథా అక్కడే ఆగి ఉంది. పెళ్ళికి ముందు టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాను. అది మరుగున పడిపోయిందనుకుంటే, మా అన్న పనిగట్టుకుని వచ్చి తిరుపతిలో సీటు వచ్చిందని చెప్పిపోయాడు. ఆ నెలాఖరు సోమవారం లోపల సర్టిఫికెట్లు తీసుకుపోయి చేరాలి. పొద్దున రైలుబండికి పోతే సాయంత్రం బండికి ఇల్లు చేరవచ్చు. బండి మా ఇంటి వెనకనుంచే పోతుంది. అది పోయేటప్పుడు వంటింటి గోడ పలకల మీది గిన్నెలు అదిరేవి, ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. మాట్లాడేవాళ్ళు నోరు తెరిచినట్టే ఆగి, బండి పోయాక మిగతా మాట చెప్పేవాళ్ళు.

మా ఆయన చెడ్డవాడు కాదు. అడిగితే, "మాయమ్మనడుగు" అన్నాడు. మా అత్తా చెడ్డది కాదు. అడిగితే, "సూద్దాం" అంది. ఆ 'సూద్దాం' ఎలాంటిదో ఆ ఇంట్లో బతికినవాళ్ళకే తెలుస్తుంది. కాదంటే పోట్లాడవచ్చు, అవునంటే పోవచ్చు. సూద్దాం అంటే ఏం చేస్తాం? నా సర్టిఫికెట్లు పెళ్ళిచీరలతో పాటు ఆమె బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి ఆమె బొడ్లో ఉంది. ఆమె నడుస్తుంటే గలగలమని వినిపించేది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

సినిమా చూసిన మర్నాడు పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కింటి నర్సమ్మ గోడ మీదుగా పలకరించింది. సర్కారు ఆసుపత్రిలో పని ఆమెకు, మా పక్క వాటాలో అద్దెకుండేది.

"ఎట్లుండాది సినిమా?"

"నా మొగం మాదిరుండాది నర్సమ్మా."

ఆమె పకపకా నవ్వింది. "పుస్తకం సదివినోళ్ళు ఆ సినిమాకు పోగూడదంట. మా ఆసుపత్రిలో అందరూ అనుకుంటా ఉండారు."

"నేను సదవలా. సగం ఇన్న్యా, అంతే."

"అయితే ఈడనే ఉండు," అని లోపలికి పోయి ఒక లావుపాటి కట్ట తెచ్చి గోడ మీద పెట్టింది. వారం వారం పత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, గోనెపట్టా సూదితో దారం పోసి తనే కుట్టుకుంది. పైన పాత క్యాలెండరు అట్ట. ఆ రోజుల్లో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి కట్టలు ఉండేవి.

కట్ట చేతికొచ్చినా వెంటనే తెరవబుద్ధి కాలేదు. సినిమానే ఇలా ఉంటే పుస్తకం మాత్రం ఏం ఊడబొడుస్తుందిలే అనిపించింది. బియ్యం డబ్బా మీద పెట్టి వదిలేశాను. తర్వాత మిద్దె మీద మామిడి ఒరుగులు ఎండబెట్టి కాకుల కాపలాకు కూర్చున్నప్పుడు, తోచక తెరిచాను. మొదట విసుగే పుట్టింది. నా స్నేహితురాలు ఒక్క మాటలో చెప్పేసిన ఇంటి గురించి రచయిత్రి వారాల తరబడి రాసింది. వంటింటి కిటికీ ఎటుంది, ఎవరి చెంబు ఎక్కడ పెట్టాలి, ఏ మెట్టు మీద ఎవరు కూర్చోవచ్చు. ఇదేం గోలరా బాబూ అనుకుంటూనే చదివాను. చదవగా చదవగా తెలిసింది. అది నా ఇల్లే. ఆ పిల్ల నా మాదిరే కిటికీ ఊచ పట్టుకుని బయటి చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటోంది. సినిమాలో పాటలు పెట్టినచోట పుస్తకంలో ఆ పిల్ల నోరు మూసుకుని అంట్లు తోముతోంది. ఒరుగులు కాకులెత్తుకుపోయినా నేను చూసుకోలేదు. ఆరోజు నాకు అక్షింతలు బాగానే పడ్డాయి.

అప్పుడే కట్ట మా అత్త కంట్లో పడింది.

"ఏమ్మే అది?"

"మనం సూసిన సినిమానే అత్తా. పుస్తకం."

"అయితే నువ్వొక్కదానివే నమిలితే ఎట్ల? మాకూ సదువు. సేతులు ఆడతా ఉంటాయి, సెవులు ఖాళీనే గదా."

విత్తనాలకు శెనక్కాయలు ఒలిచే రోజులవి. మిషనుకు వేస్తే పప్పు పగులుతుందని విత్తనపు కాయలు చేత్తోనే ఒలిచేవాళ్ళు. మధ్యాహ్నం తిండ్లయ్యాక మా నడవలో కాయల కుప్ప పోసి, నీళ్ళు చిలకరించి, చుట్టూ కూర్చునేవాళ్ళం. మా అత్త, వీధి చివరి పెద్దమ్మ, ఎదురింటి అక్క, నేను. సాయంత్రానికి బొటనవేళ్ళు పొంగిపోయేవి. చదివే మనిషికి ఒలిచే పని మాఫీ అన్నారు. నా వేళ్ళు బతికాయి కదా అని సంతోషించాను.

చదవడం మొదలుపెట్టానో లేదో తగువు వచ్చింది. "ఆగాగు. ఈడ పాటుండాది గదా?" అంది పెద్దమ్మ.

"పుస్తకంలో పాటల్లేవు పెద్దమ్మా."

"ఎందుకు లేవు? ఆ యమ్మ నీళ్ళకు పోతాది, అప్పుడొస్తాది." అని తనే ఎత్తుకుంది. గొంతు బాగుండేది ఆమెది. పాట మొత్తం అయ్యేదాకా వేలు పెట్టుకుని ఆగాను. అదే అలవాటైపోయింది. పాట రావలసిన చోట పెద్దమ్మ పాడేది, నేను ఆగేదాన్ని. మొదట్లో చిరాకేసింది. కానీ ఒకరోజు, పుస్తకంలో ఆ పిల్ల ఒంటరిగా పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకునే చోట పెద్దమ్మ సినిమాలోని హుషారు పాటే అందుకుంటే, అది అక్కడ ఏడుపు పాట మాదిరి వినబడింది. ఎదురింటి అక్క ఒలవడం ఆపేసింది. సినిమాలో కంటే అక్కడే బాగుందని ఇప్పటికీ అంటాను.

బొజ్జాయన కోసం మాత్రం పెద్దమ్మ అలిగింది. "ఆయప్ప ఇంకా రాలేదేం?"

"పుస్తకంలో ఆయన లేడు."

"ఆయన్నెందుకు తీసేసినారు?"

సినిమా తర్వాతది, పుస్తకం ముందుదని ఎంత చెప్పినా వాళ్ళు నమ్మలేదు. వాళ్ళకు సినిమానే అసలు. దాన్ని చూసి ఎవరో రాసిందే ఇది. ఇందులో లేనివి ఏమయ్యాయంటే, దానికీ జవాబు మా అత్తే కనిపెట్టింది. "నర్సమ్మ సింపి కుట్టినాది గదా, యాడనో కొన్ని కాగితాలు పోగొట్టుంటాది." అంతే, అందరూ ఒప్పేసుకున్నారు. బొజ్జాయన పోయిన కాగితాల్లో ఉన్నాడు. పాటలూ వాటిలోనే ఉన్నాయి. నేను నవ్వుకుని ఊరుకున్నాను. అప్పుడు నవ్వు రావడానికి కారణం, ఆ మాట నా మీదికి తిరుగుతుందని తెలియకపోవడమే.

మిద్దె మీద నేను ముందుముందుకు చదువుకుపోతూనే ఉన్నాను. ఒక పొద్దున ఆఖరి వారం కాగితాలు చదివాను. పుస్తకంలో వాన లేదు, కాళ్ళ మీద పడటం లేదు. ఆ పిల్ల ఒక మామూలు పొద్దున పాలు కాచి మూతపెట్టి, రేకు పెట్టె తీసుకుని బయటికి వస్తుంది. అత్త అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉంటుంది. తలెత్తి, "అన్నం తిని పోతావా?" అని మాత్రం అడుగుతుంది. "బస్సు వేళైంది" అంటుంది ఆ పిల్ల. బస్సు వస్తుంది, ఎక్కి కూర్చుంటుంది. కింద 'సమాప్తం' అని ఉంది. దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. నేను నోటితో అడగలేనిది ఈ పుస్తకం అడుగుతుంది అనుకున్నాను. నేను అడిగితే కోడలు ఎదురు చెప్పినట్టు. పుస్తకం చెబితే కథ. అందుకని నడవలో చదివేటప్పుడు జాగ్రత్తగా సాగదీశాను. ఒకరోజు గొంతు బాగాలేదన్నాను, ఒకరోజు తలనొప్పన్నాను. చివరి భాగం సోమవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ చెవిన పడేలా చూసుకున్నాను. అది విని మా అత్త కరుగుతుందని, బొడ్లోంచి తాళంచెవి తీస్తుందని నేను నిజంగా నమ్మాను.

ఆదివారం వచ్చింది. నేను జీవితంలో అంత బాగా ఎప్పుడూ చదవలేదు. మధ్యలో తిరుపతి బండి వస్తే అది పోయేదాకా ఆగి, అదే వాక్యం నుంచి మళ్ళీ ఎత్తుకున్నాను. బస్సు ఎక్కడం అయింది, కూర్చోవడం అయింది. సమాప్తం అన్నాను. తలెత్తి మా అత్త ముఖం చూశాను.

ఎదురింటి అక్క ముందు తేరుకుంది. "తర్వాత?" అంది.

"తర్వాత లేదక్కా. అయిపోయినాది."

"ఎట్లయిపోతాది? ఆ యమ్మ వానలో ఎనక్కి వస్తాది గదా," అంది పెద్దమ్మ. "కాళ్ళ మీద పడతాది. మేం కండ్లతో సూస్తిమి."

"పుస్తకంలో రాదు పెద్దమ్మా. ఇదో, సమాప్తం అని రాసినారు."

అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె ఒడిలోని పొట్టు దులుపుకుంది. "కడా కాగితాలు పోయినాయి," అంది నింపాదిగా. "నర్సమ్మ కుట్టేటప్పుడు పారేసినాది. ఆ బిడ్డ తిరిగి రాకుండా యాడికి పోతాది?"

"లేదత్తా, ఈడ రాసుండాది..." అంటూ కాగితం ఆమె ముందు పెట్టాను. చదవడం రాని ముగ్గురి ముందు ఒక మాట మీద వేలు పెట్టి చూపించాను. నేను చెబితే తప్ప అందులో ఏముందో వాళ్ళకు తెలియదు. నేను చెబితే నమ్మరు. ఎంత చెప్పినా ఆ నడవలో ఆ పిల్ల వానలో వెనక్కి వస్తూనే ఉంది.

"సరేలే, పొద్దుపోయినాది. పొయ్యి రాజెయ్," అంది మా అత్త. ఆమె లేస్తుంటే తాళంచెవులు గలగలలాడాయి.

సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే రేపు సోమవారం అన్నాను. చొక్కా తీసి వంకీకి తగిలిస్తూ, "మాయమ్మనడిగినావా?" అన్నాడు. సోమవారం పొద్దున బండి పోయింది. గిన్నెలు అదిరాయి. నేను పప్పు రుబ్బుతూ రోటి ముందే కూర్చుని ఉన్నాను. కేకలు పెట్టలేదు, ఏడవలేదు. ఆ సీటు ఎవరికో పోయింది. నేను ఎప్పటికీ టీచర్ని కాలేదు.

ఆ వారం నడవలో చదువు లేదు. చేతులు కడుక్కుని నేనూ కాయలు ఒలిచాను. మా అత్తతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అది గమనించిందో లేదో తెలియదు. నేను పలకకపోయేసరికి ఆమె గొడ్ల కొట్టంలో బర్రెతో మాట్లాడుతూ ఉండటం వినిపించేది. నేను కాపురానికి రాకముందు, కొడుకు పొద్దున పోతే చీకటి పడ్డాక రావడంతో, పలకరించే దిక్కులేక బర్రెతోనే కష్టసుఖాలు చెప్పుకునేదని పెద్దమ్మ ఒకసారి అనగా విన్నాను. అప్పుడు నవ్వుకున్నాను.

కాయలు అయిపోయే రోజున, మిగతావాళ్ళు రాకముందే ఆమె కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "కడాది సదువు," అంది.

"సదివినా గదా. కాగితాలు పోయినాయి గదా." కావాలనే పెడసరంగా అన్నాను.

ఆమె కోప్పడలేదు. "సదువు."

చదివాను. ముక్కుతో, గబగబా, ఇష్టం లేకుండా. అయిపోయాక ఆమె పక్కకు జరిగి కూర్చుని, "ఆ కడా మాట యాడుండాది?" అంది. చూపించాను. పొంగిన బొటనవేలు ఆ మాట మీద పెట్టి కాసేపు ఉంచింది.

"అయితే కాగితాలు పోలేదు."

"పోలేదు అత్తా."

"నాకు ఆ పొద్దే తెలుసు," అంది. నా ముఖం చూడకుండా, కాగితం వైపే చూస్తూ. "అది సరే. ఆ బియ్యం ఏరుతా కూసున్న ముసల్ది... ఆయమ్మ తర్వాత ఏమైనాది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అన్నిసార్లు చదివిన పుస్తకంలో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆ అరుగు వైపు చూడలేదు. బస్సు వైపే చూశాను. అయినా కాగితాలు తిరగేసి, కింద నుంచి పైకి వెతికాను. అన్నం తిని పోతావా అని అడిగిన తర్వాత ఆమె గురించి ఎక్కడా లేదు.

"రాయలేదత్తా."

"రాయరు," అంది ఆమె.

కోపం ఉన్నన్నాళ్ళూ, ఎప్పటికైనా తెంచుకుని పోతాను అనే ఆశ ఎక్కడో ఉండేది. ఆ ఒక్క మాటతో నా కోపం తెగిపోయింది, దాంతో పాటు ఆ ఆశా పోయింది. ఆమె మీద జాలేసింది. ఎందుకు జాలేసిందా అని నా మీద నాకే అసహ్యం వేసింది. నన్ను ఆ ఇంట్లో కట్టిపడేసింది ఆమె బొడ్లోని తాళంచెవి కాదు, ఆ మధ్యాహ్నం అని చాలా ఏళ్ళకు గానీ ఒప్పుకోలేకపోయాను.

"ఇంకోసారి సదువు," అంది. "పాలు కాసే కాడి నుంచి."

మొదలుపెట్టాను. ఈసారి నిదానంగానే చదివాను. అరుగు దగ్గరికి వచ్చేసరికి తిరుపతి బండి వచ్చింది. గిన్నెలు అదురుతుంటే ఇద్దరం నోరు మూసుకుని, కాగితం మీద చూపు ఆనించి కూర్చున్నాం. బండి పోయాక, ఆగిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకున్నాను. "అన్నం తిని పోతావా?"